థెల్మా మాట, రాల్ఫ్ ఉల్లిగడ్డ

థెల్మాకు ఒక సంగతి చెప్పి, ఎవరితోనూ అననని మాట తీసుకున్నారంటే ఆ సంగతి సముద్రంలో పడ్డట్టే. ఇక బయటికి రాదు. నా వ్యవహారం వేరు. నా నోట్లో నువ్వుగింజ నానదు. వీధిలో ఆమెది పదకొండో నంబరు ఇల్లు, నాది పదమూడు, మధ్యన ఒకటే గోడ. ఆ గోడకు అటువైపు జరిగేదంతా నాకు తెలుసని ఇరవై ఎనిమిదేళ్ళు మురిసిపోయాను. కిందటేడు ఆగస్టు చివర్లో ఆ మురిపెం కాస్తా వదిలింది.

పదహారో ఏట ఇద్దరం చొక్కాల ఫ్యాక్టరీలో చేరాం. థెల్మా కాజాలు కుట్టే మిషను మీద, నేను పక్క మిషను మీద. ఒకరోజు ఎవరో ఫోర్‌మన్ టీ కప్పులో గుప్పెడు గుండీలు పోశారు. ఆయన చూసుకోకుండా గుటక వేసి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. కప్పు దగ్గరికి వెళ్ళిందెవరో థెల్మా కళ్ళారా చూసింది. "చెప్తావా, వారం జీతం కొయ్యమంటావా?" అని అడిగాడాయన. "కొయ్యండి" అంది. కోశాడు. ఆ గుండీలు పోసింది నేనే. ఆ వారమంతా ఆమెకు మధ్యాహ్నం రొట్టె, పంది మాంసం, పప్పుముద్ద నా డబ్బాలోంచే పెట్టాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు మహాతల్లి. ఎత్తి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

మేం చేరిన ఇరవై ఆరేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత పదిహేనేళ్ళు ముసలివాళ్ళ ఆశ్రమంలో పని. ముసలివాళ్ళను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తీ ఎత్తీ ఆమె తుంటే అరిగిపోయింది. ఇప్పుడు కర్ర లేనిదే గడప దాటదు. తన కుర్చీలోంచి లేవాలంటే మూడుసార్లు ఊగాలి. మొదటి రెండుసార్లు ఉత్తుత్తివి, మూడోసారికి లేస్తుంది. సాయం చేస్తానని చెయ్యి చాపామా, చెయ్యి మీద ఒక్కటి వేస్తుంది.

రాల్ఫ్ ఆమె మొగుడు కాదు, అలాగని కాకుండానూ పోలేదు. బొగ్గుగని మూసేశాక ఇరవై రెండేళ్ళ కిందట చూరుగొట్టం బాగుచెయ్యడానికి వచ్చాడు. గొట్టం బాగైంది, మనిషి మాత్రం తిరిగి వెళ్ళలేదు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "పోటీ అయిపోనీ బంగారం, చూద్దాం" అంటాడు. పోటీ ఏటా సెప్టెంబరులో వస్తుంది కాబట్టి పెళ్ళి ఏటా అక్టోబరుకు వాయిదా పడుతుంది, అక్టోబరులో ఇద్దరూ మర్చిపోతారు.

పోటీ అంటే మా క్లబ్బులో జరిగే ఉల్లిగడ్డల పోటీ. గని పోయాక మా మగవాళ్ళందరికీ పట్టిన పిచ్చి అది. క్రిస్మస్ మర్నాడు విత్తు వేస్తారు, దీపం కింద పెట్టి కాపు కాస్తారు, పసిపిల్లకు పాలు పట్టినట్టు ఏవేవో కషాయాలు పడతారు. గడ్డ మనిషి తలకాయను మించుతుంది. ఏ కషాయం పోశాడో ఏ మగవాడూ చెప్పడు, పాస్టరు గారికి కూడా చెప్పడు. మళ్ళ దగ్గర విత్తు పెంచుకునే ప్రతి గుడిసెకూ తాళమే. రాల్ఫ్ అయితే థెల్మాను కూడా లోపలికి రానివ్వలేదు. "కొత్త మనిషి గాలి తగిలితే ఉల్లి బెదురుతుంది" అన్నాడట. వద్దన్నాడు కదా అని ఈమె మళ్ళీ అడగలేదు.

ఇంత చేసినా రాల్ఫ్‌కు ఎప్పుడూ రెండో స్థానమే. మొదటిది ఆమోస్ రట్టర్‌ది, వరసగా నాలుగేళ్ళు. ఆమోస్ మా క్లబ్బుకు పెద్ద, పోటీకి పెద్ద, కూరగాయల మళ్ళు పంచే సంఘానికీ పెద్ద. ఎవడి మడిలో ఏముందో కంచె మీంచి మెడ చాపి చూడటం తన హక్కనుకుంటాడు.

కిందటేడు ఏప్రిల్లో క్లబ్బులో ఆమోస్ అడిగాడు. "ఏరా రాల్ఫ్, పిల్లలెలా ఉన్నారు?"

ఉల్లిమొలకల గురించి.

"వెయ్యలేదు. మానేశాను" అన్నాడు రాల్ఫ్. "నీ వెనకాల నిలబడి నిలబడి మెడ పట్టేసిందిరా. కాంక్రీటు ఇటుకల యార్డులో పని దొరికింది. పొద్దున్నే ఆరింటికి పోవాలి. బస్టాండు తుడిచే పని సాయంత్రాలు ఎలాగూ ఉంది."

జన్మలో ఎవరికీ గ్లాసు బీరు ఇప్పించని ఆమోస్ ఆరోజు ఇప్పించాడు. నేను పక్క బల్ల మీదే ఉన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. అరవై ఏళ్ళు దాటిన మనిషికి ఉద్యోగం! మర్నాడు మాంసం కొట్టతనికి చెప్పాను, జుట్టు కత్తిరించే పిల్లకు చెప్పాను, బస్సు డ్రైవరుకు చెప్పాను, నేను పనిచేసే బడి వంటగదిలో గరిటె కొట్టి మరీ చెప్పాను.

ఇక ఆ మనిషి అవతారం చూడాలి. రోజూ పొద్దున ఆరింటికి పసుపు హెల్మెట్టు, బరువైన బూట్లు, చేతిలో టిఫిను డబ్బా, ఫ్లాస్కు. ఆమోస్ కిటికీ ముందునుంచి దగ్గుకుంటూ నడిచేవాడు. సాయంత్రం నాలుగింటికి ఒళ్ళంతా మట్టి కొట్టుకుని వచ్చేవాడు. మా ఊళ్ళో అతని మడి చూస్తే మోకాలెత్తు కలుపు. నిజంగానే మానేశాడని అందరం అనుకున్నాం. ఆదివారాలు కూడా పనికి పోతుంటే "పాపం, రక్తం పీల్చేస్తున్నారు" అని ఆ యార్డువాళ్ళను తిట్టుకున్నాను.

థెల్మా కర్రతో గోడ మీద రెండుసార్లు కొడితే టీ పెట్టానని అర్థం, మూడుసార్లు కొడితే రమ్మని. ఆగస్టు చివరి సోమవారం ఐదుసార్లు కొట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

వంటింటి బల్ల మీద గోధుమరంగు కవరు. భత్యాల ఆఫీసు నుంచి. థెల్మాకు తుంటి పోయినప్పటినుంచీ ఇంటి అద్దె, పూట గడవడం అంతా ఆ సర్కారు భత్యం మీదే. అది వాళ్ళిద్దరినీ కలిపి ఇచ్చేది. రాల్ఫ్ బస్టాండు పని, వారానికి పన్నెండు గంటలు, అందులో రాసి ఉంది. ఆమె కళ్ళద్దాలు దొరక్క ఉత్తరం నేనే పైకి చదివాను. రాల్ఫ్ చెప్పకుండా పగలంతా పూర్తి ఉద్యోగం చేస్తున్నట్టు వాళ్ళకు కబురందిందట. హెల్మెట్టు సంగతి కూడా రాశారు. వచ్చే వారం గురువారం మధ్యాహ్నం రెండింటికి ఇద్దరూ వచ్చి, అతను చేసే పనికి రుజువులు చూపాలి. సంజాయిషీ సరిగ్గా లేకపోతే భత్యం ఆగిపోతుంది, తీసుకున్నది తిరిగి కట్టాల్సి రావచ్చు.

అక్కడిదాకా చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. ఉత్తరం బల్ల మీద కొట్టి, దాని మీద టీ కప్పు పెట్టి, అరిచాను. "ఉద్యోగం వస్తే ఆఫీసుకు చెప్పాలని తెలీదుటే మీకు? ఏం మనుషులే మీరు!"

"ఉద్యోగం లేదు" అంది థెల్మా.

"లేదా?"

"లేదు."

"మరి ఆ హెల్మెట్టేంటి?"

"అంతకంటే నన్నడక్కు నోరీన్. మాటిచ్చాను."

"ఎవరికి?"

కర్ర పిడి తుడుచుకుంటూ కూర్చుంది. నాకు గుండీల రోజు గుర్తొచ్చి ఇంకా మండింది. నాలుగింటికి రాల్ఫ్ వచ్చేదాకా ఆ కుర్చీ వదల్లేదు నేను. అతను గడపలో ఉండగానే ఉత్తరం మొహం మీద ఊపి, నిజం చెప్తావా, యార్డుకే వెళ్ళి కనుక్కోమంటావా అన్నాను. హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు నాచేత ఒట్టు వేయించుకున్నాడు, నా కొత్త పళ్ళసెట్టు మీద. ఆ తర్వాత చెప్పాడు.

యార్డూ లేదు, గీర్డూ లేదు. రెండు మైళ్ళ అవతల పక్క ఊళ్ళో ఒక మడి ఉంది, చచ్చిపోయిన వాళ్ళన్నయ్య పేరు మీద. దాని మీద పాలిథిన్ గుడారం, పక్కన గుడిసె, రెంటికీ తాళం. అందులో ఒక ఉల్లిగడ్డ ఉంది. అంతటిది ఈ జిల్లాలోనే ఎవడూ చూసి ఉండడట. ఆమోస్ పసిగట్టకూడదని ఈ ఉద్యోగం నాటకం. హెల్మెట్టు పాత సామాన్ల అంగట్లో కొన్నాడు.

"ఒక ఉల్లిగడ్డ కోసమా!" అన్నాను.

"ఇంకో పంతొమ్మిది రోజులే నోరీన్. పోటీ అయ్యాక ఊరంతా దండోరా వేసుకో."

"గురువారం పోటీకన్నా తొమ్మిది రోజులు ముందొస్తుంది నాయనా! ఆఫీసులో ఏం చెప్తావు? రోజుకు పది గంటలు ఎక్కడికి పోతున్నావంటే ఏం చెప్తావు? చర్చికా?"

"చర్చి బాగానే ఉంది" అన్నాడు రాల్ఫ్, ఆలోచిస్తూ.

నెత్తి కొట్టుకున్నాను. "మీ వదిన హిల్డాను సాక్ష్యం తీసుకెళ్ళు. మడి వాళ్ళదేగా."

"హిల్డానా? ప్రతి మంగళవారం ఆమోస్ పెళ్ళాం పక్కన కూర్చుని బింగో ఆడుతుంది. ఆట సగం కాకముందే నా గడ్డ చుట్టుకొలత ఆమోస్ చెవిలో ఉంటుంది."

"పోనీ ఆఫీసావిడకే చెవిలో చెప్పు."

"సంతకం చూశావా? ఫెన్విక్! ఆమోస్ పెళ్ళాం పుట్టింటివాళ్ళు ఫెన్విక్‌లు."

"ఈ జిల్లాలో రాయి విసిరితే ఫెన్విక్‌కే తగులుతుందిరా వెర్రివాడా!"

అతను వినలేదు. థెల్మా వైపు తిరిగి, "నువ్వైతే చెప్పవుగా బంగారం?" అన్నాడు. నాకు అక్కడే అతని హెల్మెట్టు తీసి అతని నెత్తి మీదే వెయ్యాలనిపించింది.

థెల్మా కోప్పడలేదు. "మార్చిలో మాటిచ్చానుగా, చెప్పను" అంది. తర్వాత వంటిల్లంతా ఒకసారి నెమ్మదిగా కలయజూసి, పొయ్యి పక్క గోడ దగ్గర చూపు ఆపింది. "మా అమ్మ నన్ను ఈ గదిలోనే కంది. అప్పుడు మంచం అక్కడుండేదిట" అంది. ఎవర్నీ దెప్పలేదు, ఊరికే చెప్పింది. రాల్ఫ్ హెల్మెట్టు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకుని బస్టాండు తుడవడానికి పోయాడు. బస్టాండుకు హెల్మెట్టు అక్కర్లేదని కూడా గుర్తు లేదు.

ఆ పది రోజులూ నేను పడిన అవస్థ ఎవరికి చెప్పను? మాంసం కొట్టు ముందునుంచి పోతే నోరు దురద. జుట్టు కత్తిరించుకోవడమే మానేశాను. బడి వంటగదిలో "రాల్ఫ్ ఉద్యోగం ఎలా ఉంది?" అని ఎవరన్నా అడిగితే గరిటె పట్టుకుని గోదాములోకి పారిపోయాను.

గురువారం వచ్చింది. రాల్ఫ్ తెల్లారకముందే వెళ్ళిపోయాడు, ఆఫీసుకు నేరుగా వస్తానని చీటీ రాసిపెట్టి. నేనూ థెల్మా బస్సులో పట్నం పోయాం. రెండయింది, రెండుంపావయింది, మనిషి జాడ లేదు. ఫెన్విక్ అనే ఆ పిల్ల లోపలికి పిలిచింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, ముక్కుకు చిన్న పోగు, ఎదురుగా చల్లారిపోయిన టీ. నన్ను తోడు కూర్చోనిచ్చింది, కానీ మధ్యలో మాట్లాడకూడదంది. ఒకపక్క ఒట్టు, ఇంకోపక్క సర్కారు ఆంక్ష. నా పళ్ళసెట్టు దానంతటదే కటకటలాడింది.

"థెల్మా గారూ, ఆ యార్డుకు ఫోన్ చేశాం. రాల్ఫ్ అనే పేరే వినలేదన్నారు" అంది ఫెన్విక్.

"వినరమ్మా. అతనక్కడ పనిచెయ్యడు."

"మరి రోజూ హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళడం నిజమేనా?"

"నిజమే."

"ఎక్కడికి?"

"చెప్పను."

ఆ పిల్ల కలం ఆపింది. "తెలియదంటారా, చెప్పనంటారా?"

"తెలుసు. చెప్పను."

"చూడండమ్మా, చేతికి డబ్బులిచ్చి ఎక్కడో పని చేయించుకుంటున్నారని నేననుకోవాల్సి వస్తుంది. ఇవాళ మీరు చెప్పకపోతే రేపటినుంచి చెల్లింపు ఆగిపోతుంది. మీ ఇంటి అద్దె కూడా అందులోనే ఉంది. తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరి?"

"మాటిచ్చాను. ఏం రాసుకోవాలో రాసుకోండి" అంది థెల్మా. అని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి రెండు చేతులా పట్టుకుంది. నలభై ఏళ్ళకు పైగా చూస్తున్నాను ఆ చేతులను, మిషను సూది గోట్లో దిగినప్పుడు కూడా దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇక పళ్ళసెట్టు పోతే పోయిందని నోరు తెరవబోయాను.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పిల్లల తోపుడుబండి వచ్చింది. దాని వెనక రాల్ఫ్, నెత్తిన హెల్మెట్టు, మోకాళ్ళదాకా మట్టి. బండిలో ఉన్నిదుప్పటి కప్పి ఏదో ఉంది. బయట కాపలా మనిషి "సార్, పాపను నిద్రలేపకండి" అంటున్నాడు పాపం.

రాల్ఫ్ ఎవరివైపూ చూడలేదు. దుప్పటి తీసి, రెండు చేతులా ఎత్తి, ఆ పిల్ల కాగితాల మీద పెట్టాడు. బల్ల కిర్రుమంది. ఏం గడ్డండీ అది! రాగిరంగులో నిగనిగలాడుతూ, గుండ్రంగా, ఒక్క మచ్చ లేకుండా.

"నా ఉద్యోగం ఇదీ" అన్నాడు. "జీతం లేదు. థెల్మాకేం తెలీదు, ఆవిడ్నేం అనకండి."

ఫెన్విక్ లేచి నిలబడింది. సంజాయిషీ అడుగుతుందనుకున్నాను. "ఎంత బరువు?" అంది.

"తూచలేదు."

"ఎప్పుడు పీకారు?"

"పదకొండింటికి."

ఆ పిల్ల గోడ మీది క్యాలెండరు చూసింది. మొహం వాడిపోయింది. "పోటీ వచ్చే వారం శనివారం కదండీ! అప్పటికి ఎండిపోయి బరువు తగ్గదూ? మా తాతయ్య ముప్పై ఏళ్ళు పెంచాడు. పోటీ ముందురోజు దాకా పీకేవాడు కాదు."

"మీ తాతకు ఆమోస్ రట్టర్ ఏమవుతాడు?" అన్నాడు రాల్ఫ్ అనుమానంగా.

"ఆమోస్ ఎవరు?"

రాల్ఫ్ ఊపిరి వదిలాడు. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు, చేతులు నలుపుకుంటోంది. "అయ్యో, పీకక్కర్లేదండీ. నేనే మీ మడికి వచ్చి చూసేదాన్ని. రావడం వీలుకాకపోతే ఫోన్ చెయ్యండి, మేమే వస్తాం, విన్నది బయటపెట్టం అని ఉత్తరంలో ఉంది కదా, రెండో పేజీలో?"

"రెండో పేజీ ఉందా?" అన్నాడు రాల్ఫ్.

థెల్మా నన్ను చూసింది. రాల్ఫ్ నన్ను చూశాడు. ఉత్తరం చదివింది నేను. మొదటి పేజీ అయ్యేసరికి కోపం వచ్చి టీ కప్పు పెట్టింది నేను. భూమి చీలితే బావుణ్ణనిపించింది. చీలలేదు, ఆ ఆఫీసులో నేలంతా గట్టి సిమెంటు.

"తప్పదు, ఇంకొక్కటి అడగాలి" అంది ఫెన్విక్ మెల్లగా. "గెలిస్తే డబ్బేమైనా ఇస్తారా?"

"డబ్బు కాదు. ఈసారి కుర్చీ."

"కుర్చీయా?"

"కరెంటుది. మీట నొక్కితే లేస్తుంది. కూర్చున్న మనిషినీ లేపి నిలబెడుతుంది."

థెల్మా అప్పుడు లేవబోతోంది. రెండు ఊపులు అయ్యాయి. మూడోది ఊగకుండా అలాగే ఆగిపోయింది. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది.

"గెలవకపోతే ఏ మొహం పెట్టుకోను?" అన్నాడు రాల్ఫ్, హెల్మెట్టుతో మాట్లాడుతున్నట్టు.

ఆ పిల్ల గడ్డను తన చేతులతో టపాలగదికి తీసుకెళ్ళి పార్సిళ్ళ కాటా మీద తూచింది. ఆఫీసంతా పని మానేసి వచ్చి చూసింది. పద్నాలుగు పౌన్ల తొమ్మిది ఔన్సులు. ఫైలులో రాసుకుంది, ఒక కాగితం మీద కూడా రాసి ముద్ర వేసి ఇచ్చింది. సాయంత్రమే తాను స్వయంగా వచ్చి మడి చూసుకుంది. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, అంతా సవ్యంగానే ఉంది, భత్యంలో ఏ మార్పూ లేదు అని. ఈసారి అన్ని పేజీలూ చదివాను. వెనక ఖాళీ వైపు కూడా చూశాను.

పోటీనాటికి రాల్ఫ్ గడ్డ పద్నాలుగు పౌన్ల ఒక ఔన్సుకు దిగింది. ఆమోస్‌ది పద్నాలుగు పౌన్ల మూడు. రెండంటే రెండు ఔన్సులు! నేను ఊరుకుంటానా? ముద్ర వేసిన కాగితం తీసుకెళ్ళి ఆమోస్ ముక్కు ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని తాపీగా చదివాడు. "సర్కారు తూకం మా బల్ల మీద చెల్లదు. ఆరోజు కాటా మీద ఎంతుంటే అంతే" అన్నాడు.

"పిట్టకథలు చెప్పకు! భత్యాల ఆఫీసుకు చాడీలు మోసిందే నువ్వు!"

"నేనా?" ఆమోస్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "నోరీన్, వాడు రిటైరయ్యేదాకా ఆ యార్డులోనే ఉండాలని నేను దేవుడికి మొక్కుకున్నానే! వాడి ఉద్యోగం పోతే ఉల్లిగడ్డల్లోకి తిరిగొస్తాడుగా. అంత పిచ్చిపని నేనెందుకు చేస్తాను? అసలు వాడికి ఉద్యోగం వచ్చిందని ఊరంతా టాంటాం వేసిందెవరు?"

క్లబ్బులో అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఎవరెవరికి చెప్పానో లెక్కపెట్టుకుంటే రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. ఆఫీసుకు కబురు ఎవరు మోశారో ఇప్పటికీ తెలియదు కానీ, మూట కట్టి ఇచ్చింది మాత్రం నేనే. ఆ మాట థెల్మాకు చెప్పి ఏడ్చాను. "నాకు ఉత్తరం వచ్చిన రోజే తెలుసులే" అని టీ పోసింది.

కుర్చీని ఆమోస్ వీధి కిటికీలో వేసుకున్నాడు. దారినపోయేవాళ్ళు చూసేలా రోజంతా లేస్తాడు, కూర్చుంటాడు. వాడి తుంటికేం రోగం లేదు. ఓడిన గడ్డను థెల్మా నాలుగు రోజులు పులుసు కాచింది, వేపింది, మాంసంలో వేసింది. అంత చప్పటి ఉల్లిగడ్డ నా జన్మలో తినలేదు, తడిసిన కాగితం నమిలినట్టుంది. నేను రెండు చెంచాలకు వదిలేశాను. ఆమె గిన్నె నాకి మరీ తింది, ఆఖరి ముక్క దాకా.

క్రిస్మస్ మర్నాడు పొద్దున గోడ మీద మూడు దెబ్బలు. వెళితే థెల్మా కోటు వేసుకుని సిద్ధంగా ఉంది. మెళ్ళో దారానికి కట్టిన తాళంచెవి.

"ఏంటే అది?"

"రాల్ఫ్ ఇచ్చాడు. విత్తు వేసే రోజు కదా, రమ్మన్నాడు. మంచు మీద జారుతుంది, నువ్వు చెయ్యి పట్టుకో."

చెయ్యి పట్టుకోమని థెల్మా నన్నడగడం అదే మొదలు.

మా ఊరి మడి దగ్గర గుడిసె ముందు రాల్ఫ్ కాచుకుని ఉన్నాడు, తాళం మాత్రం ఆమే తీసింది. లోపల దీపం వెచ్చగా ఉంది, విత్తనాల పళ్ళెం సిద్ధంగా ఉంది. మూలన ఒక పాత వంటింటి కుర్చీ. నాలుగు కాళ్ళ కిందా మూడేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు, పక్కకు జారకుండా చెక్కలు కొట్టాడు, పట్టుకుని లేవడానికి గోడకు ఒక గొట్టం బిగించాడు. థెల్మా దాని మీద కూర్చుంది. లేచింది, ఒక్క ఊపుకే. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. నేను వంగి ఇటుకలు చూశాను. సందుల్లో పచ్చగా పాకుడు పట్టి ఉంది.

"ఇది ఎప్పుడు చేశావు?" అంది థెల్మా.

"మూడేళ్ళయింది. నీకు కర్ర వచ్చిన ఏడాది" అన్నాడు రాల్ఫ్, పళ్ళెంలో మట్టి సర్దుతూ. "చూస్తానని మళ్ళీ అడుగుతావేమోనని."

"నువ్వు రావద్దన్నావుగా."

"అన్నాననుకో. అంత గట్టిగా పట్టుకుంటావనుకున్నానా?"

ఆమె అతని వీపు మీద కర్రతో మెత్తగా ఒక్కటి వేసి, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. ఆ ఏటి విత్తనాలన్నీ ఆమె చేత్తోనే వేసింది. ఒక్కో గింజనూ కాజా కుట్టేటప్పుడు చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వేసింది. రాల్ఫ్ ఉల్లి బెదరలేదు.

ఇప్పుడవి పక్క ఊరి గుడారంలో మోకాలెత్తు ఉన్నాయి. ఈసారి ఆమోస్ పని అయిపోయినట్టే. ఈ మాట ఎవరికీ అననని మళ్ళీ పళ్ళసెట్టు మీద ఒట్టేశాను కాబట్టి మీ ఒక్కరికే చెబుతున్నాను. ఎవరైనా అడిగితే రాల్ఫ్ ఉల్లిగడ్డలు మానేశాడని చెప్పండి. ఉద్యోగం దొరికిందని మాత్రం చెప్పకండి.